ఫెయిలయింది మన పిల్లలా? వాళ్ళు చెప్పే పాఠమా?

కేసముద్రం మార్కెట్ యార్డులో మక్కలు ఎత్తిపోసే ఒక తల్లి పోయిన నెల మమ్మల్ని ఆపింది. "అన్నా, మా పిలగానికి కాలేజీల మూడు లాగులు ఉన్నయట. ఎన్ని పైసలు కడ్తె పోతయి?" అని అడిగింది. మాకు మొదట అర్థం కాలేదు. అర్థమైన తర్వాత నవ్వు రాలేదు.

ఆ పిల్లగాడు వరంగల్ పక్కన ఒక ఇంజనీరింగు కాలేజీలో రెండో సంవత్సరం. మూడు పేపర్లు తప్పాడు. బ్యాక్‌లాగులు అంటారు వాటిని. ఇంట్లో చెప్పలేక చెప్పలేక ఒక్క ముక్క చెప్పాడు. లాగు అంటే ఆ తల్లికి తెలిసింది కాళ్ళకు తొడిగేదే. కాని పైసల సంగతి మాత్రం సరిగ్గానే పట్టుకుంది. కాలేజీ నుంచి వచ్చే ఏ మాటకైనా తోక లాగ పైసలు ఉంటాయని ఆమె అనుభవం.

పిల్లగాన్ని పిలిపించి మాట్లాడాం. పదో తరగతిలో వాళ్ళ బడికి ఫస్టు. ఇంటరు గురుకులంలో చదివాడు. వాళ్ళ వాడ నుంచి ఇంజనీరింగుకు పోయిన మొదటివాడు. తల వంచుకుని, నేల మీద పుల్లతో గీతలు గీసుకుంటూ ఒకే మాట మూడుసార్లు అన్నాడు. "నా బుర్రకు ఎక్కదన్నా."

పేపర్లు పోతే మళ్ళీ రాసుకోవచ్చు. మమ్మల్ని నిద్రపోనియ్యనిది ఆ మాట. బడికి ఫస్టు వచ్చిన పిల్లగాడు రెండేళ్ళలో లెక్కలు నేర్చుకోలేదు, ఎలక్ట్రానిక్స్ నేర్చుకోలేదు, తనకు బుర్ర లేదన్న ఒక్క పాఠం మాత్రం గట్టిగా నేర్చుకున్నాడు. ఆ పాఠం ఎవరు చెప్పారు?

మన పిల్లలు పెద్ద చదువుల్లో ఎందుకు తప్పుతున్నారని ఎవర్నైనా అడిగి చూడండి. పునాది లేదంటారు. ఇంగ్లీషు రాదంటారు. ఇంట్లో చదువు వాతావరణం లేదంటారు. కష్టపడరంటారు. మెల్లగా, పక్కన ఎవరూ లేకుండా చూసుకుని, రిజర్వేషనులో వచ్చినోళ్ళు ఇంతే అంటారు. అన్ని కారణాలూ బెంచీ వైపే ఉన్నాయి. బోర్డు వైపు ఒక్కటీ లేదు.

ఎవుసం చేసేవాళ్ళకు ఈ సంగతి చెప్పనక్కర లేదు. గింజ పెట్టినంక చేను చేనంతా మొలవకపోతే మనం భూమిని తిట్టుకుంట కూర్చోం. ప్యాకెట్టు పట్టుకుని విత్తనాల దుకాణం మీదికి పోతాం. మరి ఒక క్లాసులో మన వాడల నుంచి, తండాల నుంచి వచ్చినవాళ్ళే వరసగా తప్పుతుంటే ప్యాకెట్టు పట్టుకుని ఎవరూ ఎందుకు పోవడం లేదు?

ఈ ప్రశ్న మనకంటే ముందు అమెరికాలో నల్లవాళ్ళకు ఎదురైంది. 1972లో బొంబాయిలో మన తమ్ముళ్ళు దళిత పాంథర్స్ అని పేరు పెట్టుకున్నది వాళ్ళను చూసే. పోరాటం పేరు తెచ్చుకున్నాం గనక చదువు ముచ్చట కూడా తెలుసుకుందాం.

కాలిఫోర్నియాలో బర్కిలీ అనే పెద్ద యూనివర్సిటీ ఉంది. 1970లలో అక్కడ మొదటి సంవత్సరం లెక్కల్లో, కాల్‌క్యులస్ అంటారు దాన్ని, నల్ల విద్యార్థులు సగానికి మించి తప్పుతుండేవాళ్ళు. యూరి ట్రైస్మన్ అనే కుర్ర పరిశోధక విద్యార్థి ఇది ఎందుకని అధ్యాపకుల్ని అడిగాడు. వాళ్ళు చెప్పిన జవాబులు వింటే మీకు మన ఊరు గుర్తొస్తుంది. పట్టుదల లేదు, పునాది లేదు, పేదరికం, ఇంట్లో చదువు విలువ తెలియదు. అచ్చం ఇవే. సముద్రాలు దాటినా పై కులాల మాట మారదు కాబోలు.

ట్రైస్మన్ ఆ జవాబులు నమ్మి ఊరుకోలేదు. ఇరవై మంది నల్ల పిల్లల్ని, అదే లెక్కల్లో బాగా వస్తున్న ఇరవై మంది చైనా పిల్లల్ని తీసుకుని వాళ్ళ వెంట తిరిగాడు. ఎప్పుడు చదువుతారు, ఎక్కడ చదువుతారు, ఎవరితో చదువుతారు, అన్నీ దగ్గరుండి చూశాడు. అధ్యాపకులు చెప్పిన నాలుగు కారణాలూ అబద్ధమని తేలింది. నల్ల పిల్లలు తమ బడుల్లో మొదటి వరసలో ఉన్నవాళ్ళు. వాళ్ళ అమ్మానాన్నలు చదువు మీద ప్రాణం పెట్టుకున్నవాళ్ళు. సోమరితనం ఎక్కడా లేదు. క్లాసులో ఒక గంటకు ఇంట్లో రెండు గంటలు చదవమంటే లెక్క ప్రకారం చదివారు.

కాని ఒంటరిగా చదివారు. తలుపు వేసుకుని, పుస్తకం ముందేసుకుని, అర్థం కాకపోతే తనదే లోపమనుకుని. చైనా పిల్లలు కొంత సేపు విడిగా చదివి తర్వాత గుంపుగా కూర్చునేవాళ్ళు. ఒకరి లెక్క ఒకరు దిద్దుకునేవాళ్ళు. పాత పరీక్ష పేపర్లు పంచుకునేవాళ్ళు. అందరికీ రాని లెక్క ఉంటే అది లెక్క కష్టం, తమ లోపం కాదని వాళ్ళకు తెలిసిపోయేది. నల్ల పిల్లగానికి ఆ సంగతి చెప్పేవాళ్ళు లేరు.

అప్పుడు ఆయన చేసిన పని గమనించండి. వెనకబడ్డ పిల్లలకు ప్రత్యేక తరగతులు అని బోర్డు పెట్టలేదు. మన కాలేజీల్లో ఆ బోర్డు పెడితే ఏమవుతుందో మనకు తెలుసు. అక్కడికి పోయినవాళ్ళను వెనకబడ్డోళ్ళని వేలెత్తి చూపిస్తారు. ట్రైస్మన్ దానికి ఎదురు పని చేశాడు. మామూలు క్లాసు కంటే కష్టమైన లెక్కలు ఇచ్చి గుంపులుగా కూర్చోబెట్టి మీరే తేల్చండి అన్నాడు. మీరు చేయగలరు అన్న నమ్మకంతో ఇచ్చాడు. ఆ గుంపుల్లో చదివిన నల్ల పిల్లలు తెల్ల పిల్లలతో సమానంగా, చాలాచోట్ల వాళ్ళను దాటి మార్కులు తెచ్చుకున్నారు. పిల్లలు వాళ్ళే. బుర్రలు అవే. మారింది కూర్చోబెట్టిన తీరు.

ఇది ఒక్క బర్కిలీ ముచ్చట అని కొట్టేయొద్దు. సైన్సు, లెక్కలు, ఇంజనీరింగు క్లాసుల మీద జరిగిన 225 పరిశోధనల్ని కలిపి 2014లో అమెరికాలో లెక్క తీశారు. సారు నిలబడి చెప్తూ పోతుంటే పిల్లలు రాసుకుంటూ పోయే క్లాసులో నూటికి 34 మంది దాకా తప్పారు. పిల్లలతో లెక్క చేయించి, ప్రశ్న అడిగి, మాట్లాడించి చెప్పిన క్లాసులో తప్పినవాళ్ళు 22 మంది. 2020లో ఇంకో లెక్క వచ్చింది. అట్లాంటి క్లాసుల్లో బాగుపడింది ఎవరని చూశారు. అందరూ బాగుపడ్డారు. అందరికంటే ఎక్కువ బాగుపడింది అణచబడ్డ జాతుల పిల్లలు, పేద పిల్లలు. మార్కుల తేడా మూడో వంతు తగ్గింది. పాసయ్యేదాంట్లో తేడా సగం దగ్గరికి తగ్గింది. అయితే ఒక షరతు ఉంది. గంటలో అయిదు నిమిషాలు ముచ్చట పెట్టించి మిగతాదంతా ఉపన్యాసమే అయితే ఈ ఫలితం రాలేదు. క్లాసులో ఎక్కువ సమయం పిల్లలే పని చేసినచోట వచ్చింది.

ఎందుకట్లా? పెద్ద పరిశోధన అక్కర లేదు, ఆలోచిస్తే తెలుస్తుంది. సారు గంట సేపు చెప్పింది కలిగినోళ్ళ పిల్లగానికి అర్థం కాకపోతే సాయంత్రం ట్యూషన్ ఉంది. నాన్న ఇంజనీరు, మేనమామ లెక్చరరు. క్లాసులో పోయింది ఇంట్లో దొరుకుతుంది. మన పిల్లగానికి క్లాసులో పోయింది పోయినట్టే. ఇంటికి వస్తే అమ్మ మిర్చి ఏరి వచ్చి నడుం వాల్చి ఉంటుంది. కాబట్టి ఉపన్యాసం అందరికీ సమానం అన్న మాట అబద్ధం. అది ఇంట్లో రెండో సారు ఉన్నవాళ్ళ కోసం తయారైన పద్ధతి.

ఏకలవ్యుడి బొటనవేలు సంగతి ఊరూరా చెప్పుకున్నాం. ద్రోణుడు అతనికి ఒక్క పాఠం కూడా చెప్పలేదన్న సంగతి అంతగా చెప్పుకోలేదు. ఇప్పటి ద్రోణుడు లోపలికి రానిస్తాడు. సీటు ఇస్తాడు, ఫీజు రీయింబర్స్‌మెంటు తీసుకుంటాడు. పాఠం మాత్రం ముందు బెంచీ దాకే వస్తుంది.

ఇక్కడ మేమొక మాట గట్టిగా చెప్పాలి. అమెరికా మందును తెచ్చి మన రోగానికి అట్లనే పోయలేం. గుంపులుగా కూర్చోండని సారు చెప్పి కుర్చీలో వాలితే మన క్లాసులో ఏ గుంపులు ఏర్పడతాయి? ల్యాబుల్లో చూడండి. బ్యాచీలు ఎట్లా పడుతున్నాయి? పేరు చివర తోక ఉన్నవాళ్ళంతా ఒకచోట, గురుకులం నుంచి, హాస్టలు నుంచి వచ్చినవాళ్ళు ఒకచోట. మన ఆడపిల్లను గుంపులో కలుపుకున్నా రికార్డు రాసే పని ఆమెకు, మిషను ముట్టే పని వాళ్ళకు. ఊర్లో రెండు గ్లాసులు పోయాయంటారు, ల్యాబులో రెండు బల్లలు ఉన్నాయి. కాబట్టి గుంపులు వేసేది సారే కావాలి. నెలకోసారి మార్చాలి. గుంపులో ఎవరు మాట్లాడుతున్నారు, ఎవరి నోరు మూయిస్తున్నారు అని ఆయన తిరిగి చూడాలి. దీన్ని చేయని సారు గుంపుల పేరుతో కులాన్ని మళ్ళీ కూర్చోబెట్టినట్టే.

మార్కుల సంగతి ఇంకొకటి. పెద్ద పరీక్షలో కాగితం మీద నంబరు ఉంటుంది, మొహం ఉండదు. ఇంటర్నల్స్‌లో, ప్రాక్టికల్స్‌లో, వైవాలో మొహం ఉంటుంది. ఢిల్లీ ఎయిమ్స్ మీద సుఖ్‌దేవ్ థోరట్ కమిటీ 2007లో ఇచ్చిన నివేదిక చదవండి. అడిగిన ఎస్సీ, ఎస్టీ విద్యార్థుల్లో 69 శాతం మంది అధ్యాపకుల నుంచి తగిన సాయం అందడం లేదన్నారు. పరీక్షించేటప్పుడు తమ కులం సూటిగానో డొంకతిరుగుడుగానో అడిగారని 84 శాతం మంది చెప్పారు. దేశంలో అందరికంటే కష్టమైన పరీక్ష గట్టెక్కి వచ్చిన డాక్టరు పిల్లల మాట ఇది. 2015లో రూర్కీ ఐఐటి మొదటి సంవత్సరం మార్కులు చాల్లేదని 70 మందికి పైగా పిల్లల్ని ఒక్క దెబ్బలో వెళ్ళగొట్టింది. అందులో ఎక్కువ మంది రిజర్వేషను పిల్లలు. గొడవయ్యాక మళ్ళీ చేర్చుకున్నారు. ఆ సంవత్సరమంతా వాళ్ళకు చెప్పిన పాఠం ఎట్లా ఉందని మాత్రం ఎవరూ విచారణ వేయలేదు.

మన హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో 2016 జనవరి 17న రోహిత్ వేముల పోయినప్పుడు దేశం కదిలింది. అంతకు ముందు 2008లో అక్కడే ఫిజిక్స్ పరిశోధనకు వచ్చిన సెంథిల్ కుమార్ పోయాడు. కోర్సులో ఒక పేపరు తప్పడం, ఫెలోషిప్ ఆగడం ఆ రోజుల్లో పత్రికల్లో వచ్చింది. పేపరు తప్పడం అన్నది మన పిల్లలకు మార్కుల సంగతిగా ఆగదు. అందుకే ఈ విషయం ఇంత పొడుగ్గా రాస్తున్నాం.

ఇంగ్లీషు గురించి కూడా రెండు ముక్కలు. 1918లో ఉస్మానియా పెట్టినప్పుడు దేశభాషలో పెద్ద చదువు అని గొప్పగా చెప్పుకున్నారు. ఆ దేశభాష ఉర్దూ. తెలంగాణ పల్లెల్లో మాట్లాడేది తెలుగు. అప్పుడు ఉర్దూ మనది కాదు, ఇప్పుడు ఇంగ్లీషు మనది కాదు. 1968లో తెలుగు అకాడమీ పెట్టి డిగ్రీ పుస్తకాలు తెలుగులో తెచ్చారు, కాని ఆ చదువుతో ఉద్యోగం దగ్గర నిలబడ్డది ఎందరు? ఇంగ్లీషు మాకొద్దని మేం అనం. తమ పిల్లల్ని కాన్వెంటుకు పంపి మనకు మాతృభాష మహిమ చెప్పేవాళ్ళ మాట అసలు వినం. మేమనేది ఒకటే. ఇంగ్లీషు రాకపోవడం వేరు, లెక్క రాకపోవడం వేరు. పరీక్ష ఇంగ్లీషులోనే పెట్టండి, అర్థమయ్యేదాకా తెలుగులో చెప్పండి. తండా పిల్లలున్నచోట లంబాడీలో ఒకరికొకరు చెప్పుకుంటే నోరు మూయించకండి.

బాబాసాహెబ్ ఈ సంగతి వందేళ్ళ కింద చెప్పాడు. 1924లో బొంబాయి యూనివర్సిటీ సంస్కరణల కమిటీకి ఇచ్చిన వాంగ్మూలంలో యూనివర్సిటీ పని విద్యార్థి తలలో సంగతులు కుక్కడం కాదని, అతని సొంత ఆలోచనను లేపడమని వాదించాడు. ఆయనకు ఊహతో వచ్చిన మాట కాదు. 1918 నుంచి సిడెన్‌హామ్ కాలేజీలో పాఠం చెప్పినవాడు. అదే కాలేజీలో ఆయన కుండలో నీళ్ళు ముట్టడం తోటి అధ్యాపకులకు గిట్టలేదు. 1946లో సిద్ధార్థ కాలేజీ, 1950లో ఔరంగాబాద్‌లో మిళింద్ కాలేజీ పెట్టాడు. మనం ఆయన బొమ్మ కింద కోటు రంగు సరిగ్గా ఉందా అని చూస్తాం. ఆయన క్లాసురూము ఎట్లా ఉండాలన్నాడో చదవం.

అధ్యాపకులందర్నీ దోషులని మేం అనడం లేదు. కాలేజీల్లో చాలామంది పార్ట్ టైం, కాంట్రాక్టు, గెస్టు. గంటకింత అని కైకిలి లెక్కన పాఠం చెప్పేవాళ్ళు. అందులో మనోళ్ళూ ఉన్నారు. రేపు ఉంటామో లేదో తెలియనివాడు పిల్లల్ని గుంపులు వేసి నెలకోసారి మార్చమంటే ఎట్లా మారుస్తాడు? పర్మినెంటు సార్లకేమో ప్రమోషను ఎన్ని పేపర్లు అచ్చయ్యాయన్న దాని మీద ఉంటుంది, క్లాసులో ఎందరికి అర్థమైందన్న దాని మీద ఉండదు. యూనివర్సిటీల నుంచి మన ఊళ్ళ మీద పడి మన కులాల మీద, తండాల మీద, పేదరికం మీద పిహెచ్‌డీలు చేస్తారు. మన ఇంట్లో ఎన్ని గిన్నెలున్నయో లెక్క రాసుకుపోయిన సార్లూ, మీ క్లాసులో ఏ పాఠం దగ్గర ఎవరు ఆగిపోయారో లెక్క రాయరా? అది పరిశోధన కాదా?

ఆ లెక్క కాలేజీలో ఉంది. ఏ పేపరులో ఎందరు రాశారు, ఎందరు తప్పారు, అందులో ఎస్సీ ఎందరు, ఎస్టీ ఎందరు, అందరికీ వచ్చిన ఇంటర్నల్ మార్కులు ఎన్ని. పేర్లు మనకొద్దు, అంకెలు కావాలి. 2005 సమాచార హక్కు చట్టం కింద తెల్ల కాగితం మీద అడగొచ్చు. పది రూపాయల ఫీజు, దారిద్ర్య రేఖకు దిగువన ఉన్నవాళ్ళకు అదీ లేదు. ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. కాలేజీకి ఒకరు చొప్పున మన విద్యార్థులు ఈ దరఖాస్తు పెట్టాలి. భయమైతే ఊర్లో ఉన్న మేం పెడతాం. అంకెలు చేతికి వచ్చాక ఏ పేపరు దగ్గర మన పిల్లలు కుప్పగా తప్పుతున్నారో ఆ డిపార్టుమెంటు ముందు కూర్చుందాం. ధర్నా చేయడం మనకు కొత్తగాదు. పాఠం గురించి ధర్నా చేయడం కొత్త.

ఇక మన పని. కేసముద్రంలో అంబేద్కర్ భవనం తలుపు జయంతికి, వర్ధంతికి తెరుస్తాం, పెళ్ళిళ్ళకు కిరాయికిస్తాం. ఇప్పుడు ఆదివారం పొద్దున కూడా తెరుస్తున్నాం. పొద్దున ప్యాసింజరుకు వరంగల్ దాకా పోయి చదివే పిల్లలు, మానుకోటలో డిగ్రీ చదివేవాళ్ళు, సెలవుకు ఇంటికొచ్చిన హాస్టలు పిల్లలు వస్తున్నారు. మొదటి ఆదివారం ఎనిమిది మంది వచ్చి ఎనిమిది మూలల కూర్చున్నారు. ఎవరికి వాళ్ళు పుస్తకం మీద తల పెట్టుకున్నారు. మాలో ఒకాయన లేచి చదువు విలువ మీద గంట సేపు ఉపన్యాసం ఇచ్చాడు. (ఆ ఒకాయన ఈ సంపాదకీయం రాస్తున్నవాళ్ళలో ఉన్నాడు. మన మీటింగులూ అంతే గదా. రెండు గంటలు మైకు మనదే, చప్పట్లు వాళ్ళవి. ఏం అర్థమైందని ఒక్కసారి అడిగిన పాపాన పోలేదు.)

రెండో ఆదివారం బీకాం చదివే ఒకమ్మాయి ఆ పని మార్చింది. మన మూడు లాగుల పిల్లగాడు మాట్రిక్సుల పేపరు తీశాడు. సూత్రం మొత్తం నోటికొచ్చు, అదేందో తెలియదు. ఆ అమ్మాయి నేల మీద సుద్దముక్కతో గీసింది. ఒక రైతు దగ్గర పసుపు ఇన్ని క్వింటాళ్ళు, మక్కలు ఇన్ని, వడ్లు ఇన్ని. ఇంకో రైతు దగ్గర ఇంకో లెక్క. పక్కన ఇద్దరు సేట్ల రేట్లు. ఏ రైతు ఏ సేటుకు అమ్మితే ఎంత వస్తుందో చెప్పు అంది. పిల్లగాడు నోటితోనే గుణించి, కలిపి చెప్పేశాడు. యార్డులో పెరిగినవాడు, దానికి కాగితం ఎందుకు? "గిదే, నువ్వు ఇప్పుడు చేసింది మాట్రిక్సులు గుణించుడే" అందామె. వాడు కాసేపు ఆ గీతల్ని చూసి, "మరి సారు గీ ముచ్చట ఎందుకు చెప్పలే?" అన్నాడు.

బుర్రకు ఎక్కదన్న పిల్లగాడు నిలదీసే ప్రశ్న అడిగాడు. ఆ పేపరు వచ్చే సప్లిమెంటరీలో రాస్తాడు, ఏమవుతుందో చూడాలి.

నెక్కొండ, ఇంటికన్నె, తాళ్ళపూసపల్లి, మానుకోట, రైలు ఆగే ప్రతిచోటా మన భవనాలో, చర్చిలో, బడి వరండాలో ఉన్నాయి. సంఘం వాళ్ళు తాళంచెవి ఇయ్యండి. సీనియర్లు పాత పేపర్లు తెచ్చిపెట్టండి. ఎవరూ ఉపన్యాసం ఇవ్వొద్దు. మాల, మాదిగ, లంబాడీ అని మూడు గుంపులు పెట్టుకోవద్దు. మీ పిల్లలు ఎక్కడ ఆగిపోయారో ఒక కార్డు ముక్క మీద రాసి పంపండి. పేరు, కాలేజీ వద్దు. ఏ సబ్జెక్టు, ఎన్నిసార్లు రాశారు, క్లాసులో ఆ పాఠం ఎట్లా చెప్పారు, అర్థం కాలేదని అడిగితే ఏమన్నారు. ఈ నాలుగు చాలు. వచ్చిన కార్డులన్నీ వచ్చే సంచికలో అచ్చేసి, యూనివర్సిటీకి ఒక కాపీ పోస్టులో పంపుతాం.